చివరి నాలుగు పేజీలు

కోసిగి, శుక్రవారం

వానల్లేక ఊరు ఖాళీ అవుతోంది. పిల్లలు తగ్గితే మా బడి ఉంటుందో మూసేస్తారో తెలీదు. ఈ దిగుల్లో నాకు మిగిలిన సుఖం ఒక్కటే: భోజనాలయ్యాక ఐదో తరగతి ఈరమ్మతో కూర్చుని బొమ్మల కథ చదవడం. రోజుకు ఒక్క పేజీ. ఆ నియమం నాదే, ఎక్కువ రోజులు రావాలని పిసినారితనం.

ఈరోజు మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది.

"సుగ్గికి పోతాండాము సార్, ఊరుగాని ఊర్లో మిరపకాయలు కోసేకి. సాయంత్రమే లారీ. పాపను ఈడ ఎవరికాడ ఇడిసిపోవల్ల?"

ఈరమ్మకు వేరే బెంగ. "ఆ ఎగిరే గుర్రం ఇల్లు చేరుతాదా సార్? ఇంకా నాలుగు పేజీలుండాయి. బుక్కు ఇస్తే ఆడ చదువుకుంటా."

"లైబ్రరీ పుస్తకం, ఇయ్యకూడదు. తిరిగొచ్చినాక చదువుదాంలే" అన్నాను. రిజిస్టర్లో ఎక్కిన పుస్తకం పోతే సంజాయిషీ రాయాల్సింది నేను కదా! ఆ పిల్ల అట్ట మీది దుమ్ము గౌనుతో తుడిచి నా చేతికిచ్చింది.

బడి వదిలాక ఒక్కణ్నే ఆ నాలుగు పేజీలూ చదివాను. గుర్రం ఇల్లు చేరింది. చెబుదామని పరిగెత్తితే వాళ్లింటికి తాళం.

పుస్తకం బీరువాలో భద్రంగా ఉంది. ఒక్క పేజీ నలగలేదు. తనిఖీకొచ్చినవాళ్లు నన్ను మెచ్చుకుంటారు.