మూడూ పది

1978 జూలై 24, సోమవారం

పడమటి గాలి ఇవాళ కూడా ఆగలేదు. కొండ మీది దుమ్మంతా నేరుగా అంగట్లోకే వస్తోంది. వాచీ మూత తీయడానికి వీల్లేదు. రెండు బెల్టులు మార్చాను, ఒక గ్లాసు వేశాను. పని అంతే.

మధ్యాహ్నం మద్రాసు నుంచి పార్సిల్ వచ్చింది. రేడియం పొడి సీసా ఒకటి, అందులో కలిపే వార్నిషు, సన్న బ్రష్షు. పొడి సీసా నా బొటనవేలంత ఉంది. ఉదయగిరిలో ఇంతవరకు వాచీలకు రేడియం వేసేవాడు లేడు. ఆత్మకూరులో కూడా లేడు. ఇక నేనున్నాను.

బ్రష్షు మొనను నోట్లో పెట్టి తడపవద్దని చీటీలో రాశారు. అన్నం తెచ్చిన నా భార్య రామలక్ష్మమ్మకు చదివి వినిపించాను. నోట్లో పెట్టగూడనిదాన్ని అన్నం క్యారియర్ పక్కన పెట్టుకోనుండావే, నీకు బుద్ధుండాదా అయ్యా అంది. జరిపాను.

జూలై 27, గురువారం

రేడియం పగలు కనపడదు. గిరాకీ వచ్చేది పగలే. దీనికి ఉపాయం నిన్న తట్టింది. నాయన గొర్రెల వెంట పోయేటప్పుడు కప్పుకొనే నల్ల కంబళి అటక మీద ఉంది. తెచ్చి అంగట్లో పెట్టాను. వాచీ చేతికిచ్చి మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి కంబళి కప్పుతాను. లోపల చిమ్మచీకటి. అబ్బా అని లోపల నుంచి వినిపిస్తే పని నచ్చినట్టు.

ఇవాళ పదకొండు మంది కంబళిలోకి వెళ్ళారు. ముగ్గురికే వాచీలున్నాయి. సీతారామపురం నుంచి వచ్చిన ఓబయ్య లోపలికి పోయి ఎంతకూ మాట్లాడలేదు. తీసి చూస్తే నిద్రపోతున్నాడు. లేపితే, గొర్రె వాసనకి ఇంట్లో ఉండాననుకున్నాను సామీ అన్నాడు. తన పొట్టేలు కొమ్ములకి రెండు చుక్కలు పెట్టమన్నాడు, చీకట్లో దొరకడం లేదట. కుదరదన్నాను. వాచీకి కొమ్ముకి ఏం తేడా అని చాలాసేపు అడిగాడు.

జూలై 30, ఆదివారం

వహాబ్ మామ టైంపీసు తెచ్చాడు. రంజాన్ నెలంతా తెల్లవారుజామున దఫ్ అనే చేతి డప్పు కొడుతూ వీధి వీధి తిరిగి, రోజా ఉపవాసానికి ముందు తినే సహరీ అన్నానికి జనాన్ని లేపేది ఈయనే. ముప్ఫై రెండేళ్ళుగా లేపుతున్నాడు. అలారం పెట్టుకోవచ్చు కదా అంటే చెవులు సరిగా వినపడవు. అందుకని రాత్రి నాలుగైదుసార్లు తనే లేచి అగ్గిపుల్ల గీసి టైం చూసుకుంటాడు. గీసినప్పుడల్లా మనవలు లేచి ఏడుస్తున్నారని భార్య రసూల్‌బీ అరుస్తోందట. రేడియం వెయ్యరా నర్సయ్యా, ముసలిదాని నోరు మూతపడాలి అన్నాడు.

పోతూ పోతూ అసలు సంగతి చెప్పాడు. పోయినేడు రెండు దినాలు ఆలస్యంగా లేపాడు. కండక్టర్ జానీ బాషా, ఇంకొందరు పడుచువాళ్ళు ఈసారి ఆత్మకూరు నుంచి మైకు తెప్పిద్దామంటున్నారు. మసీదు పెద్ద ఖలీలుల్లా గారు ఒక్క అవకాశం ఇచ్చారు. ఒక్కరోజు తప్పినా మైకే. మైకుకి మీ ఇంట్లోవాళ్ళ పేర్లు తెలుస్తాయా నర్సయ్యా, నేనైతే ఒక్కొక్కర్ని పేరు పెట్టి లేపుతాను అన్నాడు. అది నిజమే. మేము రోజా ఉండం. అయినా మా తలుపు కొట్టి, రామలక్ష్మమ్మా నీ బర్రె లేచిందా అని అడిగి పోతాడు.

శనివారం ఇస్తానన్నాను.

ఆగస్టు 2, బుధవారం

గాలి. పొడి సీసాలో అడుగున మాత్రమే ఉంది.

ఆగస్టు 5, శనివారం

మిగిలిన పొడి మొత్తం కలిపాను. వహాబ్ మామ టైంపీసుకి పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది దగ్గర చుక్కలు పెట్టాను. చిన్నముల్లు పూర్తిగా దిద్దాను. గీత ఎక్కడా దాటలేదు. నాకే ముచ్చటేసింది.

పెద్దముల్లు మొదలు పెట్టేటప్పటికి రామలక్ష్మమ్మ క్యారియర్ తెచ్చింది. కొంగులోంచి అగ్గిపెట్టె తీసి ముందు పెట్టింది. ఊళ్ళోవాళ్ళందరికీ వేస్తావు, కరెంటు పోతే అగ్గిపెట్టె కోసం నేను గోడలు తడుముకోవాల, దీనికొక చుక్క పెట్టు అంది. పెట్టాను. చుక్క చాలదంది. పెద్దది చేశాను. రెండో పక్క కూడా పెట్టమంది, బోర్లా పడితే కనపడదని. పెట్టాను.

ఆమె వెళ్ళాక చూస్తే పెద్దముల్లుకి సగం వరకే వచ్చింది. మొన వైపు సగం నల్లగానే ఉంది. ఉన్నంతలో నీటుగా ఉంది, చాల్లే అనుకున్నాను.

సాయంత్రం వహాబ్ మామ కంబళిలోకి వెళ్ళి అబ్బా అన్నాడు. ఆయన అబ్బా అంటే బస్టాండు దాకా వినపడుతుంది.

ఆగస్టు 7, సోమవారం, ఉదయం 7 గంటలు

ఏం చెప్పాలి.

ఇవాళ మొదటి రోజా. దఫ్ చప్పుడుకి మెలకువ వచ్చింది. వహాబ్ మామ తలుపు కొట్టి బర్రె సంగతి అడిగి వెళ్ళాడు. రామలక్ష్మమ్మ లేచి వాకిలి చిమ్మి నీళ్ళు చల్లింది. నేను చేతి వాచీ చూశాను. రెండూ ఇరవై. వాచీ ఆగి ఉంటుందనుకుని విదిలించాను. తిరుగుతోంది. వెనకబడిందనుకుని మూడూ ఇరవైకి తిప్పుకున్నాను. పన్నెండేళ్ళుగా వాచీలు బాగు చేస్తున్నవాణ్ణి.

నేనొక్కణ్ణే కాదు. ఖలీలుల్లా గారు గోడ గడియారం ముళ్ళు ముందుకు తిప్పుకున్నారు. ఊళ్ళో గడియారం ఉన్న ప్రతివాడూ అదే పని చేశాడు. వహాబ్ తప్పు చెప్తాడని ఒక్కరికీ తోచలేదు.

అందరూ సహరీ తిన్నారు. నమాజుకి పిలిచే అజాన్ కోసం కూర్చున్నారు. అజాన్ రాదు. అజాన్ ఇచ్చే మోజన్ నిద్రపోయుంటాడని పదిమంది కోపంగా పోయి ఆయన తలుపు బాదారు. ఆయన లేచి, ఇంకా గంట టైముండాది, మీకేమొచ్చింది అన్నాడు. ఆయన ఉండేది ఊరి చివర, దఫ్ వినపడలేదు. ఆయన వాచీ ఒక్కటే తిప్పకుండా మిగిలింది. ఖలీలుల్లా గారు ఇంటికి పోయి మళ్ళీ తిన్నారు. చాలామంది మళ్ళీ తిన్నారు. ఇంకా చాలామంది పడుకున్నారు, నమాజుకి లేవలేదు.

జానీ బాషా డ్యూటీకని ముందే పోయి బస్సు వెనక సీట్లో నడుం వాల్చాడు. డ్రైవర్ చూడలేదు. కండక్టర్ టీ తాగి దారిలో ఎక్కుతాడులే అనుకుని బస్సు తీసేశాడు. సగం దూరం ఎవరికీ టికెట్ లేదు.

గంట ముందే పిండబోతే మా బర్రె చెంబు తన్నేసింది.

అదే రోజు, సాయంత్రం

ముందుకు తిప్పిన గడియారాలు ఎనిమిది అంగడికి వచ్చాయి, గంట తేడా చూపిస్తున్నాయని. సరిచేసి ఇచ్చాను.

చీకటి పడ్డాక వహాబ్ మామ వచ్చాడు. అరవలేదు. టైంపీసు బల్ల మీద పెట్టి, నీ పని బాగుండాది నర్సయ్యా, నా కళ్ళే పోయినాయి అన్నాడు. రాత్రి చూస్తే మూడూ పది స్పష్టంగా కనపడిందట. చూపు లేనోడు ఊరిని లేపకూడదు, దఫ్ మనవడికి ఆడుకోడానికి ఇచ్చేసినాను అన్నాడు. రేపు జానీ బాషా లేపుతాడు. ఎల్లుండి ఆత్మకూరు చెంచురామయ్య మైకు తెచ్చి కడతాడు.

ఆయన వెళ్ళాక టైంపీసు పట్టుకొని కంబళిలో దూరాను. చీకట్లో చిన్నముల్లు పొడుగ్గా ఉంది. పెద్దముల్లు పొట్టిగా ఉంది. సగమే వెలుగుతుంటే పొట్టిగా కాక ఎట్లా ఉంటుంది. ముళ్ళు తిప్పి చూశాను. రెండూ పదహారు పెడితే మూడూ పది కనపడుతోంది.

ఆయన కళ్ళకేమీ కాలేదు.

ఆగస్టు 8, మంగళవారం

ఎవరికీ చెప్పలేదు. చెబితే నా దగ్గర రేడియం ఎవరు వేయించుకుంటారు. ఇంకో సీసాకి మద్రాసుకి ఉత్తరం కూడా రాశాను.

ఇవాళ జానీ బాషా ఎవర్నీ లేపలేదు. తనే ఐదింటికి లేచాడు. వీధిలో సగం మంది తినకుండా రోజా ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

రసూల్‌బీ కనపడింది. వహాబ్ మామ మూడింటికే లేచి గోడకి ఆనుకుని కూర్చున్నాడంట. దఫ్ ఒళ్ళో పెట్టుకున్నాడంట.

రాత్రి రామలక్ష్మమ్మకు చెప్పాను. అగ్గిపెట్టె సంగతి కూడా. అయితే తప్పు నాదంటావా అంది. అనలేదన్నాను. ముల్లుకి చాలదని అప్పుడే చెప్పడానికి నోరు లేదా అంది. లేదన్నాను. రేపు నువ్వు పోయి చెప్తావా, నన్ను పోయి చెప్పమంటావా అంది.

పొడి అయిపోయింది కదా, చెప్పినా బాగు చేసేదెట్లా అన్నాను. పెద్దముల్లుకి లేకపోతే చిన్నముల్లుది గీకెయ్, అదీ పొట్టిదవుతుంది అంది.

రెండు రోజులుగా నాకిది తోచలేదు.

ఆగస్టు 9, బుధవారం

పది గంటల బస్సుకి చెంచురామయ్య మైకుపెట్టె, పెద్ద గొట్టం దించుకున్నాడు. నేను మసీదు వాకిట్లోకి వెళ్ళేటప్పటికి నిచ్చెన వేసి ఎక్కాడు. పెద్దలందరూ ఉన్నారు. వహాబ్ మామ దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు. నా చంకలో కంబళి ఉంది.

మాటలతో చెప్పడం నాకు రాదు. టైంపీసు నడక ఆపి, ముళ్ళు రెండూ పదహారుకి పెట్టి, ఎవరికీ చూపించకుండా, ఒకసారి లోపలికి వచ్చి టైం చెప్పండి అని ఖలీలుల్లా గారిని అడిగాను. ఏందిరా ఇది, రోజా ఉన్నోడికి గొర్రె వాసన అంటూనే వచ్చారు. లోపల నుంచి, మూడూ పది అన్నారు. తర్వాత ఇంకో ముగ్గురు పెద్దలు. మూడూ పది. జానీ బాషా తనకు పడుచు కళ్ళని ఎక్కువసేపు చూసి, కరెక్టుగా మూడూ పదకొండు అన్నాడు. చెంచురామయ్య కూడా ఊరుకోక నిచ్చెన దిగి దూరాడు. మూడూ పదే.

కంబళి తీసి ఎండలో చూపించాను. రెండూ పదహారు.

వహాబ్ మామ ముందుకు వచ్చి టైంపీసు కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. నా కళ్ళు బాగుండాయి అన్నాడు. మళ్ళీ చెవిటివాళ్ళకి చెప్పినట్టు అరిచాడు, నా కళ్ళు బాగుండాయి! తర్వాత నావైపు తిరిగి, మిగతా సగం ముల్లు రేడియం ఏమైందిరా నర్సయ్యా అన్నాడు. అంతమందిలో చెప్పాల్సి వచ్చింది, మా ఇంటి అగ్గిపెట్టెకి పోయిందని. ముందు నవ్వింది ఖలీలుల్లా గారే. జానీ బాషా నవ్వుతుంటే, నువ్వు నవ్వమాక, నిన్నటి దినం నువ్వు లేపితే మేం తిన్నామా అన్నారు. వాడు ఆపేశాడు.

అక్కడే కూర్చుని చిన్నముల్లు రేడియం సగానికి పైగా గీకేశాను. మళ్ళీ అందరూ వరసగా కంబళిలో దూరి చూశారు. ఈసారి చెంచురామయ్యను ముందు పంపారు. రెండూ పదహారు అన్నాడు. అని, గొట్టం విప్పడానికి నిచ్చెన ఎక్కాడు.

ఖలీలుల్లా గారు నాకో శిక్ష వేశారు. నెలంతా వహాబ్ మామ దఫ్ కొట్టే ముందు మా ఇంటికి వస్తాడు. నేను లేచి టైం సరిచూసి చెప్పాలి.

చెంచురామయ్య పదకొండున్నర బస్సుకి ఆత్మకూరు వెళ్ళిపోయాడు.

ఆగస్టు 10, గురువారం, తెల్లవారుజామున

వహాబ్ మామ మూడూ ఐదుకి తలుపు కొట్టాడు. కరెంటు లేదు. అగ్గిపెట్టె వెతక్కుండానే దొరికింది. టైం చూసి చెప్పాను. మూడూ పదికి దఫ్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.