ఆ పాటలో ఊపిరి ఎవరిది

నవంబర్ 8, శుక్రవారం

చర్చి నుంచి వచ్చేసరికి పదకొండున్నర. ఐరిస్ మేడమ్ బాల్కనీలో కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద దుప్పటి, ఎదురుగా సముద్రం. కువైట్‌లో, ఈ ఫింటాస్‌లో, చలిగాలి మొదలైపోయింది. లోపలికి రమ్మంటే వినదు. డెబ్బై తొమ్మిదేళ్ళు. చిన్నప్పటి జబ్బుతో ఒక ఊపిరితిత్తి సగం ముడుచుకుపోయింది. అయినా గాలి కావాలట.

కొయిర్‌లో నిలబడ్డాను గాని నోరు కదపలేదు. షారోన్ ఈ వారం కూడా ఫోన్ చేయలేదు. నా కూతురు, పదిహేనేళ్ళ పిల్ల, ఊళ్ళో అక్క దగ్గర. పరీక్షలేమో. నేనే చెయ్యొచ్చు... చెయ్యను. తనంతట తను చేస్తే వినాలని.

నవంబర్ 11, సోమవారం

మేడమ్ అలమరా సర్దుతుంటే కవర్లోంచి ఒక ఫోటో జారింది. మైకు ముందు సన్నగా ఒక పిల్ల, కళ్ళు మూసుకుని. మీరేనా అంటే తలూపింది. ఇంత కాలం నర్సుగా ఉన్నా నాకు తెలిసింది పాత పాటలంటే ఇష్టమనే. పాడేదని తెలియదు.

పదహారేళ్ళకే డాన్స్ హాల్లో మొదలుపెట్టిందట. ఇంగ్లండులో ఉత్తరాన ఒక చేపల రేవు. వారమంతా షెడ్డులో చేపలు కోయడం, శనివారం పాట. చేతుల వాసన పోవడానికి నిమ్మచెక్క రుద్దుకుని మైకు పట్టుకునేదట. ఇరవయ్యో ఏట లండన్. నేలమాళిగలో జాజ్ క్లబ్బు. అక్కడి పియానోలో రెండు మెట్లు పలికేవి కావు, ఆ స్వరాలు వచ్చిన చోట ఈమే గొంతు అందించేది. తర్వాత ఒక బృందంలో చేరింది. వ్యాన్‌లో ఊరూరా తిరగడం. తాళానికి వెంట్రుకవాసి వెనకగా నడవాలి, తొందరపడితే పాట చచ్చిపోతుంది అని నా మణికట్టు మీద వేళ్ళతో కొట్టి చూపించింది.

మరి రికార్డులు ఇచ్చారా అని అడిగాను.

లేదంది. వెంటనే టీ అడిగింది.

నవంబర్ 12, మంగళవారం

ఫోటో మళ్ళీ కనబడలేదు. ఎక్కడో దాచేసింది.

నవంబర్ 17, ఆదివారం

డేవిడ్ సార్ అహ్మదిలో ఆఫీసుకు వెళ్ళే ముందు తల్లి దగ్గర కూర్చున్నారు. లండన్ నుంచి ఎవరో రేడియో అమ్మాయి ఉత్తరం రాసిందట. ఆ రోజుల్లో క్లబ్బుల్లో పాడిన ఆడవాళ్ళ మీద కార్యక్రమం చేస్తోంది. డోరిన్ అని ఆ బృందంలో పెద్ద గాయని, ఆమె గురించి మేడమ్‌ను అడగాలట. "డోరిన్ ఆంటీది ఆ ట్రామ్ పాట ఉంది కదమ్మా" అంటూ సార్ తల్లి ఫోన్‌లోనే పెట్టారు. ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయాక ఎర్ర సంచీతో ఆగే చోటే నిలబడిపోయిన ఒకామె పాట.

నేను మాత్రలు విడదీస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది.

నాలుగేళ్ళుగా ఉదయం, సాయంత్రం ఆ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి వింటున్నాను. ఊపిరి నిండుగా తీసుకోలేదు. సగం తీసుకుని, మాట మధ్యలో, మామూలు మనిషి ఆగని చోట, ఇంకో చిన్న గుక్క. పాటలో అదే సగం, అదే గుక్క. మూడు చోట్ల.

సార్ వెళ్ళాక అడిగాను — అది మీరే కదా మేడమ్.

నా వైపు తిరిగింది.

"నీకెవరు చెప్పారు?"

"మీ ఊపిరి."

ఏడవలేదు. తల్లిలేని పిల్లను చూసినట్టు ఫోన్ వైపు చూసింది. అది అప్పటికే ఆగిపోయి ఉంది.

నవంబర్ 18, సోమవారం

భోజనం ముట్టకుండా చెప్పుకుపోయింది. ఆపలేదు నేను.

రికార్డింగ్ రోజు డోరిన్ గొంతు పూర్తిగా పోయిందట. స్టూడియో ఆ ఒక్క రోజే దొరికింది. బృందం నడిపే ఆయన ఈమెను పక్కకు పిలిచాడు. పాట నీకూ వచ్చు కదా, ఇది పాడేయ్, తర్వాతది నీ పేరు మీద వేస్తాం అన్నాడు. రెండోసారికే కుదిరింది. అద్దం అవతల గదిలో డోరిన్ చేతిలో టీ చల్లారిపోయింది. రికార్డు మీద డోరిన్ ఫోటో, డోరిన్ పేరు. దేశమంతా పాడుకున్నారు. తర్వాతది రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు. డోరిన్ స్టేజి మీద ఆ పాట పాడుతుంటే ఈమె వెనక నిలబడి తోడు గొంతు ఇచ్చేదట రెండేళ్ళపాటు. జనం మాత్రం రికార్డులోనే బాగుంది అనేవాళ్ళు. అప్పుడు ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కాదు.

తర్వాత చమురు ఇంజనీరుతో పెళ్ళి, అహ్మది. కంపెనీ బంగళా. శుక్రవారాలు కంపెనీ క్లబ్బులో పాడేది. ఆ ట్రామ్ పాట అడిగేవారు. పాడితే మెచ్చుకునేవారు — అచ్చం డోరిన్‌లాగే పాడావు అని.

ఎన్నేళ్ళు విన్నారు ఆ మాట?

"ఆయన పోయే దాకా. ఆ తర్వాత పాడలేదు. ఖలాస్."

మా సినిమాల్లో అయితే నటించేది ఒకరు, పాడేది ఒకరు, కానీ పాడినవాళ్ళ పేరు వేస్తారు అని చెప్పాను. నవ్వింది. అయితే మీ ఊళ్ళో పుట్టాల్సింది అంది. ఆ నవ్వుకే దగ్గు వచ్చి, పావుగంట వీపు రాయాల్సి వచ్చింది.

నవంబర్ 22, శుక్రవారం

అక్క ఫోన్. మంచి చెడ్డా అయ్యాక నసిగింది. షారోన్ పదో తరగతి వివరాలు బడివాళ్ళు పైకి పంపుతున్నారట. తల్లి పేరు అన్న చోట సునీత అని ఉంది. అంటే అక్క పేరు. ఒకటో తరగతిలో వేసినప్పటి నుంచీ అలాగే ఉందట. ఇప్పుడు సర్టిఫికెట్‌లో పడితే ఇక జన్మంతా అదే.

ఎందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?

"బళ్ళో ఏసినప్పుడు సంతకం పెట్టడానికి నువ్వున్నావా? అయ్యేమో లేడు. తల్లెవరు అంటే నేనే అన్నాను. దాని జొరాలకీ, దాని పేచీలకీ నేనే కదే. నీ పేరు తీసెయ్యాలని కాదు కరుణా... బళ్ళో అందరికీ నేనే తెల్సు."

అబద్ధం ఒక్కటీ లేదు అందులో. అక్కకు పిల్లలు లేరు. నేను బయల్దేరేటప్పటికి షారోన్‌కు రెండున్నరేళ్ళు. అక్క చంకలో ఉంది. విమానానికి టైమవుతోందని నేనే తొందరపెట్టాను అందరినీ.

మార్చాలంటే డిసెంబర్ పదహారు లోపు నా సంతకంతో కాగితం కావాలి. ఎంబసీ ముద్రతో.

నవంబర్ 23, శనివారం

నేనే చేశాను షారోన్‌కి. పేరు సంగతి అడిగాను. లెక్కల పుస్తకం మూసిన చప్పుడు వినబడింది.

"ఏదైనా ఒకటే కదా పిన్నీ."

అని, నాలిక్కరుచుకుంది. కువైటమ్మా అంది వెంటనే. చిన్నప్పటి నుంచీ నన్నలాగే పిలుస్తుంది. కానీ ముందు వచ్చిన మాట ముందే వచ్చేసింది.

నవంబర్ 24

ఏమీ రాయలేను.

నవంబర్ 28, గురువారం

మేడమ్ కనిపెట్టేసింది. బీపీ చూస్తూ అంకె రెండుసార్లు తప్పు చెప్పానట. ఏమైందంటే చెప్పేశాను. వింటున్నంతసేపూ నా చెయ్యి పట్టుకుంది గాని ఒక్క సలహా ఇవ్వలేదు. ఎంత మేలు చేసిందో ఆమెకు తెలియదు.

డిసెంబర్ 1, ఆదివారం

రేడియో అమ్మాయి మళ్ళీ రాసింది. డోరిన్ బతికే ఉందట. వృద్ధుల ఆశ్రమంలో. మనుషులను గుర్తుపట్టదు, కన్న కూతురిని కూడా. ఆ ట్రామ్ పాట పెడితే మాత్రం లేచి కూర్చుని, ఇది నేనే అంటుందట.

డేవిడ్ సార్‌కు మొన్ననే తల్లి అసలు సంగతి చెప్పింది. సార్ ఉత్తరం రెండుసార్లు చదివారు. తర్వాత మెల్లగా అన్నారు — ఇక వదిలేయమ్మా, ఆవిడకు మిగిలింది అదొక్కటే. మంచి మనిషి. కోపంతో కాదు, జాలితో అన్నారు.

మేడమ్ గోడ వైపు తిరిగి పడుకుంది.

డిసెంబర్ 3, మంగళవారం

"నేను చెడ్డదాన్నా కరుణా?" అని అడిగింది స్నానం చేయిస్తుంటే. కాదన్నాను. వీపు మీద ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు.

నాకూ ఎవరినైనా అదే అడగాలని ఉంది.

డిసెంబర్ 5, గురువారం

రేడియో అమ్మాయితో మాట్లాడతానంది మేడమ్, ఉదయం పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. నీలం చొక్కా అడిగింది, ముత్యాల దండ అడిగింది, లిప్‌స్టిక్ తనే వేసుకుంది. ఏం చెప్పబోతోందో నాకూ తెలియదు. సార్ ఆఫీసుకు వెళ్ళలేదు, తలుపు దగ్గర నిలబడ్డారు.

తెరమీద ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది, డోరిన్‌తో పాడడం ఎలా ఉండేదని.

"ట్రామ్ పాట పాడింది నేను" అంది మేడమ్. "డోరిన్ దొంగతనం చేయలేదు. ఆ రోజు ఆమెకు గొంతు లేదు, నాకు ఉంది. ఆమెను ఏమీ అనకు. కానీ పాడింది నేను."

సార్ తల దించుకున్నారు.

ఆ అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. రుజువు ఏమైనా ఉందా అంది, క్షమించమంటూనే. మేడమ్ నన్ను పిలిచింది. తల దువ్వుకోలేదు, యూనిఫాంలో ఉన్నాను. కెమెరా ముందుకు వెళ్ళి నర్సునని చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో ఊపిరి సంగతి చెప్పాను — ఏ మాట మధ్యలో, ఎన్ని చోట్ల. పాడి చూపిస్తారా అని ఆమె మేడమ్‌ను అడిగింది.

పాడింది.

నాలుగు వరుసలే. గొంతు చాలా చోట్ల చిరిగిపోయింది. పై స్వరం అందలేదు, దాన్ని వదిలేసి కింద నుంచి నడిచింది. తొందర లేదు. గుక్క సరిగ్గా ఆ చోటే. ఆగే చోట నిలబడిపోయిన ఆ మనిషి నాకు కనబడింది. ఆమె ఐరిస్ కాదు, డోరిన్ కాదు. ఎర్ర సంచీ ఒకటి పట్టుకుని ఉంది.

లండన్‌లో ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకోవడం చూశాను.

డిసెంబర్ 6, శుక్రవారం

చర్చిలో రెండో గొంతు పాడాను. చివరి చరణంలో ఆపేయాల్సి వచ్చింది.

డిసెంబర్ 8, ఆదివారం

గెలిచినట్టు లేదు మేడమ్. తినడం తగ్గింది. మీ పేరు చెబుతారట కదా రేడియోలో, సంతోషం కాదా అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను" అంది. "నాకు ఈ పాట అక్కర్లేదు. తర్వాతది కావాలి. ఇస్తామన్నది."

ఏ పాట అది? ఎవరూ రాయలేదు. ఎవరూ పాడలేదు. యాభై ఏళ్ళు దాటింది, ఇంకా దాని కోసమే చూస్తోంది.

దుప్పటి సర్దుతూ నిలబడ్డాను. సర్టిఫికెట్‌లో నా పేరు పడితే నాకేం వస్తుంది? షారోన్ మొదటి అడుగులు చూశాను. మిగిలినవన్నీ... మొదటి పన్ను ఊడడం, మొదటి జడ, పెద్దమనిషైన రోజు దాని భయం. అవి ఏ కాగితం మీదా రావు.

అయినా కావాలి. కావాలనే ఉంది.

డిసెంబర్ 10, మంగళవారం

సార్‌ను సెలవు అడిగి బస్సులో కువైట్ సిటీ వెళ్ళాను. ఎంబసీ కాగితాల ఆఫీసులో మూడు గంటలు. నా ముందు కడప ఆమె, ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా పోయి, ఇంటికెళ్ళే కాగితం కోసం. చెల్లెలి పెళ్ళికి అందుకుంటానా అక్కా అని నన్నడిగింది, నాకేదో తెలిసినట్టు. అందుకుంటావన్నాను.

కౌంటర్ అబ్బాయి హిందీలో అడిగాడు — అమ్మాయికి మీరేమవుతారు?

అంత చిన్న ప్రశ్న. మాఁ అన్నాను, అమ్మనని. ముద్ర వేశాడు.

డిసెంబర్ 11, బుధవారం

కాగితం ఫోటో తీశాను. అక్కకు పంపలేదు.

డిసెంబర్ 12, గురువారం

మేడమ్‌కు జ్వరం. ఆక్సిజన్ ఎనభై తొమ్మిదికి పడిపోయింది. డాక్టర్ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చాడు. మగతలో పెదవులు ఏదో అంటున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. నాకు తెలిసిన పాట కాదు. మాటలు లేవు, వరుస మాత్రమే.

లేచాక అడిగితే గుర్తులేదంది.

డిసెంబర్ 13, శుక్రవారం

అక్క వాయిస్ మెసేజ్. మూడు నిమిషాలు. మొదట ఏడుపే ఉంది. "పెట్టుకో కరుణా నీ పేరే పెట్టుకో. నేనేమన్నా కాదన్నానా. కాకపోతే పిల్లని నువ్వడుగు. అడక్కుండా ఎయ్యకు. ఆడపిల్ల, పెద్దదైంది." ఆ తర్వాత ఏమందో వినలేదు, ఆపేశాను.

నిజమే. ఐరిస్ పాటను ఎవరూ అడగలేదు నువ్వెవరిదానివని. పాట చెప్పలేదు. పిల్ల చెప్పగలదు.

మేడమ్‌కు జ్వరం తగ్గింది. గంజి రెండు చెంచాలు తాగింది.

డిసెంబర్ 14, శనివారం

సోమవారమే ఆఖరు. ఉదయమే కాగితం ఫోటో షారోన్‌కు పంపాను, అక్కకు కాదు. కింద ఇలా రాశాను — నీ ఇష్టమే రా. ఏ పేరు చెప్పినా నాకు కోపం రాదు. మొదటి మాట నిజం. రెండోది నిజమవడానికి ప్రయత్నిస్తాను.

చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. గంట, రెండు గంటలు. మేడమ్ వీపుకు నూనె రాస్తుంటే ఫోన్ మోగింది. చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను.

నేనే, అంది షారోన్.

నేనేనమ్మా, అన్నాను.

అవతల ఇంట్లో కుక్కర్ కూత. అక్క ఎక్కడో గిన్నెలు సర్దుతోంది. షారోన్ ఊపిరి తీసుకుంది మాట్లాడడానికి... ఆగింది. మళ్ళీ తీసుకుంది. మంచం మీద మేడమ్ తల ఇటు తిప్పి, కదలకుండా, నాతోపాటు వింటోంది.