ఆటలో పెట్టుకున్న పేరు

2007 జనవరి 23

కార్తీక్ కళ్లు తెరిచాడు.

కళ్లు అని రాశాను. కుడికన్ను ఒకటే. ఎడమ వైపు సగం మొహం కట్టులో ఉంది. "అమ్మా, నీళ్లు" అన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఇవాళ్టికి ఇంతే చాలు.

జనవరి 24

మురళి. మా వెనక వీధి మురళి. ఒకటో తరగతి నుంచి కార్తీక్ పక్క బెంచీ. మా వంటింటి గడప మీద కూర్చుని పెరుగన్నంలోకి మాగాయ ముక్క అడిగి వేయించుకునే పిల్లాడు. యానాం నుంచి మాగాయ జాడీ రాగానే ముందు వాడికి తెలిసేది.

గేమ్ సెంటర్ బయట, షట్టరు లాగే ఇనుపకడ్డీ తీసుకుని కార్తీక్‌ని కొట్టాడట. ఒక దెబ్బ కాదట. కొట్టాక పారిపోలేదట. పోలీసులు వచ్చేదాకా అక్కడే మెట్టు మీద కూర్చున్నాడట.

ఇద్దరికీ పదిహేనేళ్లు. ఇద్దరికీ మార్చిలో పరీక్షలు.

జనవరి 25

ఎడమకంటికి ఇక చూపు రాదు. డాక్టరు మెల్లగానే చెప్పారు. ఆ మెల్లగా చెప్పడమే భరించలేకపోయాను.

మా ఆయన వరండాలో గోడకి నుదురు ఆనించి నిలబడ్డారు. ఇన్నేళ్లలో ఆయన ఏడవగా చూడలేదు. "ఆ ఆటే, ఆ ఆటే నా బిడ్డ కన్ను తీసింది. నాలుగు గంటలు తుపాకులు కాల్చి బయటికొస్తే యా పిల్లోడికైనా తల తిరగదా..."

కాదనలేదు. నాకూ ఏదో ఒకటి కావాలి.

జనవరి 27

సాయంకాలం పేపర్లో పడింది. 'కంప్యూటర్ ఆట రేపిన చిచ్చు.' పిల్లల పేర్లు వేయలేదు గానీ రెడ్డియార్‌పాళయం అని మా పేట పేరు వేశారు, అది చాలు. మా ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. టీవీ వాళ్లొచ్చి వార్డు మెట్ల దగ్గర మైకు పెట్టారు. "మీ అబ్బాయి ఏ ఆట ఆడేవాడమ్మా?"

ఆట పేరు నాకు తెలియదు. మురళితో కలిసి ఆడేవాడని మాత్రం తెలుసు.

జనవరి 30

వసంత వచ్చింది. మురళి వాళ్లమ్మ. వార్డు గుమ్మం దాటలేదు. మనిషి సగమైంది. మొన్న ఐప్పసి నెల, దీపావళి వానల్లోనే కదా ఆవిడ భర్త పోయింది, విల్లుపురం రోడ్డు మీద, లారీ కింద. ఆ రోజు కార్తీక్ రోజంతా మురళి పక్కనే కూర్చున్నాడు, అన్నానికి కూడా లేవలేదు.

"అక్కా, బిడ్డ ఎట్లుండాడు?"

నోరు తెరిచేలోపే ఈయన లేచారు. "ఏంది, యాడికొచ్చినావు? చూసేదానికా?"

వెళ్లిపోయింది. నేను మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాను. పిలవలేదు.

ఫిబ్రవరి 4

ఇంటికి తెచ్చుకున్నాం. ఎడమ భుజం గుమ్మానికి తగులుతోంది. ప్రతి గుమ్మానికీ. గ్లాసులో నీళ్లు పోసుకుంటే గ్లాసు పక్కన పడుతున్నాయి. "సారీ అమ్మా" అని తుడుస్తున్నాడు. నేను తుడుస్తానంటే వద్దంటున్నాడు.

ఆ రోజు ఏం జరిగిందో మాత్రం చెప్పడం లేదు.

ఫిబ్రవరి 6

స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. ఈయన ముందు వరసలో. హెడ్మాస్టరు మాట్లాడారు, ఒక డాక్టరు మాట్లాడాడు, కౌన్సిలరు మనిషి మాట్లాడాడు. ఆటలు, రక్తం, తుపాకులు, పాడైపోతున్న తరం. చప్పట్లు. గేమ్ సెంటరుకి తాళం పడిందనగానే ఇంకా చప్పట్లు. అది నడిపే కుర్రాడు తిండివనం వెళ్లిపోయాడట.

వెనక నుంచి ఒకావిడ లేచింది. "మావాడూ అదే ఆట ఆడతాడు సార్. వాడూ ఎవరినైనా కొడతాడా?" నిజంగా భయపడి అడిగింది. అధ్యక్షుడు థ్యాంక్స్ చెప్పి ముగించాడు.

ఫిబ్రవరి 8

మధ్యాహ్నం. సెలవు పెట్టాను. కార్తీక్ నిద్రపోతున్నాడు. హాల్లో కంప్యూటరు వేసి, వాడు అందులో పెట్టుకున్న ఆ ఆట తెరిచాను. ఎలా ఆడాలో తెలియదు. ఒక తుపాకీ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. నావేనన్నమాట. గోడని కాల్చాను. ఎవరో నన్ను కాల్చారు. తెర పక్కకి ఒరిగిపోయింది. కాసేపటికి మళ్లీ లేచి నిలబడ్డాను. మళ్లీ చచ్చాను. ఒకణ్ణి నేనూ చంపాను - చంపగానే ఒంట్లో ఏదో సంతోషం, చప్పున. అసహ్యం వేసింది. అయినా వెంటనే ఆపలేదు.

ఆపాక కూర్చుని ఆలోచించాను. ఇప్పుడు ఎవరినైనా కొట్టాలని ఉందా నాకు? లేదు.

కొట్టాలనిపించింది ఆసుపత్రిలో. కార్తీక్ కట్టు మార్చినప్పుడు. మురళి ఎదురుగా ఉంటే ఆ కడ్డీతోనే... అప్పటికి నేను ఏ ఆటా ఆడలేదు.

ఫిబ్రవరి 11

ఈయన తమ్ముడి ద్వారా వసంత తరఫు లాయరు కబురు. బాలల న్యాయబోర్డు ముందు వాళ్లు చెప్పబోయేదీ ఇదేనట. ఆట ప్రభావంలో పిల్లాడికి ఒళ్లు తెలియలేదని. మేమూ అదే అంటే కేసు తేలికవుతుందట.

"మంచిదే కదా. ఆ పిల్లోడు బయటపడతాడు, మనోడి మీదా మాట రాదు. ఆట మీద తోసేస్తే అందరం బతుకుతాం" అన్నారు ఈయన. మూడు వారాల తర్వాత ఇవాళ అన్నం కడుపునిండా తిన్నారు.

నాకూ తేలికైంది. నిజం చెప్పాలంటే చాలా తేలికైంది.

ఫిబ్రవరి 14

కంట్లో మందు వేస్తున్నాను. తల నా ఒళ్లో. మంచికన్ను మూసుకుని ఉన్నాడు. అలాగే మూసుకుని అన్నాడు -

"అమ్మా, ఆట వల్ల కాదు."

సీసా పక్కన పెట్టాను.

వీళ్ల క్లాసులో ఇద్దరు మురళులు. మా వెనక వీధి వాడు జి. మురళి. జి. అంటే గోవిందరాజు, వాళ్ల నాన్న. మగపిల్లలు ఒకర్నొకరు తండ్రుల పేర్లతో పిలుచుకుని ఏడిపించడం నాకూ తెలుసు. గుమ్మం బయట నుంచి 'డేయ్ రామదాసూ' అని కార్తీక్‌ని ఈయన పేరుతో మురళి పిలిస్తే, ఈయన లోపల్నుంచి "ఎవడ్రా అది" అని లేచిన రోజులు. నేను నవ్వుకునేదాన్ని.

ఆటలో కూడా అంతేనట. ఆడే ముందు ఒక పేరు పెట్టుకోవాలట. మురళి రామదాసు అని పెట్టుకునేవాడు, కార్తీక్ గోవిందరాజు అని. ఎవరు ఎవర్ని చంపారో పైన అందరి తెరల మీదా పడుతుందట. రామదాసు చచ్చాడు. గోవిందరాజు చచ్చాడు. సెంటరంతా నవ్వు.

"వాళ్ల నాన్న పోయినాక కూడానా?"

"మొదట ఆపినా. వాడే ఆపమని అడిగినాడు. ఆపినా అమ్మా... మళ్లీ పొంగల్ లీవులో అందరూ అడిగితే పెట్టుకున్నా. వాడు కొట్టిన రోజు నేను లారీ పక్కన నిలబడి చచ్చినా. ఆటలో ఒక లారీ ఉంటుంది. మా క్లాసు అరుణ్ అరిచినాడు, డేయ్ గోవిందరాజు మళ్లీ లారీ దగ్గరే చచ్చినాడురా అని. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా."

నా కొంగు చివర పట్టుకున్నాడు. తర్వాత -

"ఆటలో అయితే నెక్స్ట్ రౌండుకి లేచేస్తారు కదమ్మా. అందుకే నాకు తప్పనిపించలా."

వాడి కన్ను తడిసింది. రెండూ. పోయిన కన్ను కూడా తడుస్తుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 15

ఆఫీసుకి వెళ్లాను. ఏం చేశానో గుర్తులేదు. లంచ్‌లో సముద్రం గోడ దాకా నడిచి వచ్చాను.

ఫిబ్రవరి 17

ఈయనకి చెప్పాను.

ముందు నమ్మలేదు. తర్వాత కంచం తోసేశారు. "అయితే ఏంది? పేరు పెట్టి పిలిస్తే కన్ను తీసేస్తాడా? నన్ను పిలవలేదా వాడు? నేను తీసినానా ఎవడి కన్నైనా?"

అదీ నిజమే. పేరుకి కన్ను సరిపోతుందా. సరిపోదు. ఎవరి తూకంలోనూ సరిపోదు. కానీ ఆ నవ్వు... అంతమంది పిల్లల నవ్వు మధ్య, తండ్రి పోయిన పిల్లాడు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి బయటికి నడవడం - నాకు కనిపిస్తూనే ఉంది.

"బయట ఈ మాట ఎత్తొద్దు. వాణ్ణి గుడ్డోణ్ణి చేసింది చాలదా, ఇంకా తప్పు చేసినోణ్ణి కూడా చెయ్యాలా?"

తోసేసిన కంచం తీసి లోపల పెట్టాను.

ఫిబ్రవరి 20

మళ్లీ అదే వాదన. గొంతులు తగ్గించి. కార్తీక్ గుమ్మానికి భుజం తగిలించుకుంటూ లోపలికొచ్చాడు.

"నాన్నా, బోర్డులో నేనే చెప్తా."

"నోరు మూస్కో."

"మీరు రాకపోయినా అమ్మతో పోతా."

ఈయన వాడి మొహం చూసి, తల తిప్పుకుని, దొడ్లోకి వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 26

బోర్డు. కోర్టులా ఉంటుందనుకున్నాను. మామూలు గది, పొడుగు బల్ల, ఫ్యాను చప్పుడు. బల్ల వెనక మేజిస్ట్రేటు మేడం, ఇంకో ఇద్దరు.

మురళిని తీసుకొచ్చారు. జుట్టు కత్తిరించేశారు. మెడ సన్నగా. ఎవరి వైపూ చూడలేదు. వసంత వాణ్ణి ముట్టుకోబోయి ఆగింది, ముట్టుకోవచ్చో లేదో తెలియక.

లాయరు ఆటల గురించి చెప్పాడు. బాగా చెప్పాడు. మేడం రాసుకున్నారు. తర్వాత కార్తీక్‌ని అడిగారు. వాడు లేచి తమిళంలో చెప్పాడు, నాకు చెప్పిందంతా. లారీ సంగతి కూడా. గోవిందరాజు అన్న పేరు దగ్గర వసంత కొంగు నోట్లో కుక్కుకుంది. ఈయన నేల చూస్తూ కూర్చున్నారు. అవును, వచ్చారు. చివరి నిమిషంలో చెప్పులేసుకుని వచ్చారు.

"ఆ ఆట ఆడితే నీకు కోపం వస్తుందా?" మేడం మురళిని అడిగారు.

"లేదు మేడం. ఆట నాకిష్టం."

"మరి?"

"ఆపమని అడిగినాను."

అంతే. ఇంకేం అడిగినా తల వంచుకునే ఉన్నాడు. బయటికి తీసుకెళ్లేటప్పుడు కార్తీక్ ముందు నుంచే వెళ్లాడు. ఆగలేదు. కట్టు మాత్రం చూశాడు. చూసిన క్షణం వాడి మొహం... రాయలేను.

మార్చి 9

మురళిని తల్లికి అప్పగించారు. నెలనెలా వచ్చి కనపడాలి, కౌన్సెలింగుకి వెళ్లాలి. స్కూలు మాత్రం ఇక రానివ్వదట. ఈ ఏడు పరీక్ష పోయినట్టే.

'అయినా ఆటలే కారణం' అని పేపరు మళ్లీ రాసింది. కార్తీక్ చెప్పిందేదీ అందులో లేదు. మీటింగులో అడిగిన ఆవిడ బజార్లో కనిపించింది. వాళ్లబ్బాయి కంప్యూటరు అమ్మేశారట. "ఇప్పుడు భయం లేదండీ" అంది. ఆవిడ మొహంలో తేలిక చూసి, అవునండీ అన్నాను.

మార్చి 18

వసంత ఇల్లు ఖాళీ చేస్తోంది. కడలూరులో అన్న ఇంటికి. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే వెళ్లాను. మురళి అప్పటికే వెళ్లిపోయాడు.

ఇద్దరం ఖాళీ గదిలో నిలబడ్డాం. క్షమించమని ఎవరు ఎవర్ని అడగాలో తెలియలేదు. వాళ్లబ్బాయి నా కొడుకు కన్ను తీశాడు. ఆ మాట నా నాలుక చివరన ఉంది, ఎప్పటికీ ఉంటుంది. దాని పక్కనే ఇంకోటి కూడా, నా కొడుకూ నవ్వాడని.

"మీ వాడు చెప్పినందుకు మొక్కాల్నో తిట్టాల్నో తెలీలేదక్కా" అంది. తర్వాత గోడ వైపు తిరిగి - "పెండ్లైనప్పట్నించీ ఆయన పేరు నేను నోటితో అనలేదు. ఒక్కసారి కూడా. ఆ పిల్లోళ్లు దాన్ని పట్టుకోని..."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. లాక్కోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.

మార్చి 27

పరీక్షలు. వాడికి అదనంగా గంట ఇచ్చారు. గీత మీద రాయలేకపోతున్నానన్నాడు. అక్షరాలు కిందికి జారిపోతున్నాయట.

పరీక్ష సెంటరు నుంచి తండ్రీకొడుకులు నడిచి వస్తుంటే బాల్కనీ నుంచి చూశాను. ఈయన వాడికి ఎడమ పక్కన నడుస్తున్నారు. బండ్లు వచ్చే వైపు. వాడికి కనపడని వైపు. ఇంకా సరిగా మాట్లాడడం లేదు వాడితో. కానీ ఆ పక్కనే నడుస్తున్నారు.

ఏప్రిల్ 8

ముదలియార్‌పేటలో పనుండి వెళ్లాను. కొత్త గేమ్ సెంటరు. రంగు కాగితాలు, స్కూలు బ్యాగులు గుట్టగా. లోపల అరుపులు, నవ్వులు. గుమ్మం దగ్గర ఆగి విన్నాను. ఏ పేర్లు అరుస్తున్నారో వినాలని. చప్పుడులో తెలియలేదు.

ఏప్రిల్ 15

కార్తీక్ కడలూరు వెళ్దామన్నాడు. వసంత అన్నగారింటికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. "అడిగి చెప్తా అక్కా" అంది వసంత.

ఎవర్ని అడగాలో ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్ 22, ఆదివారం

కడలూరు నుంచి కబురేమీ లేదు. ఈ వారమంతా వాడు నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.

ఇందాక పన్నెండప్పుడు ఫోన్ మోగింది. నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. కార్తీక్ తీశాడు. హలో అన్నాడు. మళ్లీ హలో అన్నాడు. తర్వాత పెట్టెయ్యలేదు. రిసీవరు చెవికి అలాగే పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

కుళాయి కట్టేశాను.

"ఉన్నావా?" అన్నాడు వాడు, చాలా మెల్లగా.

అవతల నుంచి ఏం వచ్చిందో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. వాడు ఇంకేమీ అనలేదు. పెట్టెయ్యనూ లేదు.

తడిచేతులతో అక్కడే నిలబడ్డాను.