కాఫ్ మీద రెండో గీత

శ్రీయుత పాత దస్త్రాల విభాగం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
వరంగల్.

మట్టెవాడ వాస్తవ్యుడు, పూర్వం పగ్గాలు, తలుగులు, ముకుతాళ్ల దుకాణదారు, ప్రస్తుతం ఖాళీ, గట్టి ఎల్లస్వామి సమర్పించుకొను అర్జీ.

విషయం: నిజాం కాలం నాటి ఉర్దూ సేత్వారు పుస్తకంలో, అనగా భూముల మొదటి కొలతల పుస్తకంలో, ఒక ఇంటిపేరు మీద గీత ఒకటి ఉన్నదా, రెండు ఉన్నవా అని స్వయంగా చూసుకొనుటకు అనుమతి కోరుట గురించి, మూఢాలు పడేలోగా.

అయ్యా,

విషయపు పంక్తిలో మూఢాలు అనే మాట సర్కారు కాగితానికి తగదని నాకు తెలుసు. అయినా నా తొందర అంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నందున కొట్టివేయలేకపోయాను. ఈ క్రింది అంశములను క్రమముగా తమ దృష్టికి తెచ్చుచున్నాను. క్రమం తప్పితే వయసు చూసి మన్నించగలరు.

1. నా మనుమరాలు, అనగా నా కొడుకు కూతురు, చి. యమున హన్మకొండలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేయుచున్నది. ఒకనాడు డోర్నకల్‌లో రైల్వే కొలువు చేసే ఒక అబ్బాయి జ్వరంతో అక్కడికి వచ్చినాడు. సీసాకు అంటించే చీటీ మీద 'గట్టి మధు' అని చూసి, మీరు మావాళ్లేనా, ఏ ఊరు మీది అని మా పిల్ల అడిగినది. నెక్కొండ అవతల అని అతడు చెప్పినాడు. జ్వరం తగ్గిన తర్వాత కూడా అతడు ల్యాబుకు వస్తూనే ఉన్నందున విషయం మా ఇంటిదాకా వచ్చినది. పిల్లవాడు మంచివాడు. మా కోడలు చేసిన కాకరకాయ కూరను మారడిగి వేయించుకున్నాడు. ఇంతకు మించిన విచారణ అవసరం లేదని నా అభిప్రాయం.

2. అడ్డము ఇంటిపేరు వద్దనే వచ్చినది. మా ఇండ్లలో ఒకే ఇంటిపేరు గలవారు పాలోళ్లు, అనగా ఒకే మూలపురుషుని సంతతి. వారి పిల్లలు వరుసకు అన్నాచెల్లెళ్లు. నా తమ్ముడు రాజమల్లు మా ఇంటి పెద్దరికం వహించుచున్నాడు. (పుట్టుకలో పెద్దవాణ్ని నేను. నేను పాత పుస్తకాల వెంట తిరుగుతున్న కాలంలో పెద్దరికం అతని చేతికి పోయినది.) అతడు నన్ను కూర్చోబెట్టి అడిగినాడు:

"అన్నా, వాళ్లింట్ల ఎవలన్న పోతే మనం మైల తానం చెయ్యాలె. గసొంటి ఇంటికి పిల్లనెట్ల ఇస్తవే?"

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న చేసినమారా?"

"మనకు కబురు రాలే, గంతే."

ఈ తర్కమునకు ఏ కోర్టులోనూ జవాబు దొరకదు. అయితే అతడు మూర్ఖుడు కాడు. రెండు ఇండ్ల పేర్లు వేరని సర్కారు కాగితం మీద చూపిస్తే, తానే పందిట్లో నిలబడి పిల్లను అప్పగిస్తానని ఒప్పుకున్నాడు. నా కొడుకు బాబాయి మాట దాటడు. కావున కాగితం తెచ్చే భారం నా మీద పడినది.

3. మధు నాయనమ్మ చిలుకమ్మ గారిని చూచుటకు రైలులో నెక్కొండ దిగి వారి ఊరికి పోయినాను. ఆమెకు నన్ను ఏమని పిలవాలో తోచలేదు. పాలోళ్లమైతే నేను బావను, వియ్యమందితే అన్నను. ఆ ఇబ్బందిలో చాయ్ తాగినంతసేపూ "పెద్దమనిషీ" అని గడుపుకొచ్చినది. ఆమె ఇచ్చిన వాంగ్మూలం యథాతథముగా:

"మా మామ బతికున్నన్ని దినాలు మేం కత్తోళ్లం అనే చెప్పేటోడు. కత్తులు నూరిండో, కత్తులు పట్టిండో నాకెర్క లేదు. సర్కారోళ్లే గట్టి అని రాసిండ్రంట."

గడప దాటుతుండగా ఇంకొక మాట చెప్పినది. మూఢాలు పడేలోగా ఈ సంగతి తేలకపోతే మధుకు మేనమామ బిడ్డను ఖాయం చేస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

4. తప్పు ఎక్కడ జరిగి ఉండవచ్చునో మనవి చేస్తాను. నాకు ఉర్దూ బడిలో రాలేదు. మా దుకాణం పక్కన చొక్కాలు కుట్టిన కీర్తిశేషులు దర్జీ హమీద్ సాబ్ గారు గిరాకీ లేనప్పుడల్లా నేర్పినారు. ఆ లిపిలో 'క' అనే కాఫ్ మీద వాలుగా ఒక గీత. రెండు గీతలు పెడితే 'గ'. 'త' మీద రెండు చుక్కలు. 'ట' మీద చిన్న మెలిక. తొందరలో ఉన్న గుమాస్తా ఒక గీతను మింగి, మెలికను చుక్కలుగా విదిలిస్తే గట్టివారు కత్తివారవుతారు. తర్వాత తెలుగులోకి దింపేవాడు ఊహించి చదివితే కత్తివారు గట్టివారవుతారు. మా ఇంటిపేరును ఆ లిపిలో రాసి చూపినప్పుడు హమీద్ సాబ్ కత్తెర కింద పెట్టి, "జర చూసి రాయి భాయ్, ఇట్ల రాస్తే కుత్తీ, అంటే ఆడకుక్క, అని గూడ చదువుతరు" అని నవ్వినారు. అప్పుడు నేనూ నవ్వినాను.

5. పండితుల రచనలు చూడలేదని తమరు అనుకోరాదు. ఈ ప్రాంతపు ఇంటిపేర్ల మీద ఒకరు డాక్టరేటు కోసం రాసిన గ్రంథం తిరగవేసినాను. అందులో 'గట్టి' పక్కన 'కత్తి' అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టినారు. రాసినవారి ఇల్లు వెతుక్కుంటూ పోతే, ఆయన చాయ్ ఇచ్చి, జవాబు దొరికితే తనకూ చెప్పమన్నారు. పిమ్మట యమున తన ఫోనులో, పరిశోధకుల పేర్లు కొడితే వారి వ్యాసాలు వచ్చే జాగా ఒకటి చూపినది. గట్టి అని కొట్టగా కుప్పలుగా వచ్చిపడ్డారు, అందరూ ఇటలీ వాళ్లు. వారిలో తేనెటీగల మీద రాసే ఒక ఆమెకు, మీది ఏ ఊరు, మీ ఇంటి దేవుడు ఎవరు అని జాబు రాయించినాను. తమ భాషలో ఆ మాటకు పిల్లులని అర్థమనీ, దేవుని సంగతి తమ ఇంట్లో ఎవరూ పట్టించుకోరనీ ఆమె చాలా మర్యాదగా బదులిచ్చినది. రాజమల్లుకు వినిపించగా, "అయితే ఆమె గూడ మనకు చెల్లె వరుసనే" అన్నాడు. ఇది విషయాంతరమని గ్రహించి ఇంతటితో ఆపుచున్నాను.

6. మధు వాళ్ల ఊరి పుట కోసం తమ కార్యాలయంలో దరఖాస్తు చేసుకొనగా నాకు తెలుగులో టైపు చేసిన నకలు దయచేసినారు. అందులో 'గట్టి' అనే ఉన్నది. ఏ తర్జుమా మీద నాకు అనుమానమో, ఆ తర్జుమానే ముద్ర వేసి నా చేతిలో పెట్టినారు. అసలు పుస్తకం పెళుసుబారినదనీ, స్కానింగ్ అయిన తర్వాత రమ్మనీ సెలవిచ్చినారు. ఎప్పుడవుతుందని అడిగితే, అయినప్పుడు తెలుస్తుందన్నారు. ఆ ఒక్క పంక్తిని ఫోటో తీసి ఇచ్చినా నా పని జరగదు. అదే గుమాస్తా గంగయ్య అని, గోపాలు అని రాసినచోట రెండో గీత పెట్టినాడా లేదా చూడవలెను. అక్కడ పెట్టి, ఇక్కడ పెట్టకపోతే అది కత్తి. అక్కడా పెట్టకపోతే ఆయన గీతలు మింగే మనిషి, ఏమీ తేలదు.

7. ఇక ఇంతవరకు దాచిన సంగతి. మా పూర్వుల ఊరు వర్ధన్నపేట వైపు. కొన్నేండ్ల క్రితం పాత కాగితాల ప్రదర్శనలో మా ఊరి పుటను అద్దం వెనుక తెరిచిపెట్టగా చూసినాను. మా తాత పేరు ముందు నాకు ఒక్క గీతే కనబడినది. అద్దం మీద వెలుగు పడి రెండోది మాసిపోయిందని ఆనాడు నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ వెలుగు నన్ను తినేస్తున్నది. మేము గట్టి, వాళ్లు కత్తి అయితే మంచిదే. మేము కత్తి, వాళ్లు గట్టి అయినా మంచిదే. ఇద్దరమూ ఒకటే అయితేనే ముప్పు. ఇన్నేండ్లు నిజం కోసం దుమ్ము తిన్నవాణ్ని, ఇప్పుడు తేడా ఉంటే చాలునని దేవునికి మొక్కుతున్నాను. ఈ అంశం రాజమల్లుకు తెలియదు. తమరు తెలియనీయవద్దు.

కావున, పై రెండు గ్రామాల అసలు పుస్తకాలను స్కానింగునకు పంపకముందే, తమ సిబ్బంది ఎదుటనే, చేతులు కడుక్కొని, పుట అంచు కూడా నలగకుండా చూసుకొనుటకు మూఢాలు పడేలోగా నాకు అవకాశం ఇప్పించి, ఒక పిల్ల బతుకు రెండో గీత దగ్గర ఆగి ఉన్నదని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గట్టి (లేక కత్తి) ఎల్లస్వామి

తా.క.: తప్పులు దిద్దమని ఈ అర్జీని యమునకు ఇచ్చినాను. ఇటలీ దగ్గర నవ్వినది. ఏడవ అంశం దగ్గర ఆగినది.

"తాతా, రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటే?"

నేను కండ్లద్దాలు తుడుచుకున్నాను.

"మధును అన్నా అని పిల్వాల్నా?"

గొంతు పెంచలేదు. అలగలేదు. రక్తం తీసేవారు నొప్పి ఉన్నదా అని అడిగినట్టు అడిగినది. "పిల్వకు బిడ్డా" అన్నాను.

తర్వాత రాజమల్లు ఇంటికి పోయి, పందిట్లో పిల్లను నేనే అప్పగిస్తున్నానని చెప్పినాను. ఏడవ అంశం కూడా చదివి వినిపించినాను. అతడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "అట్లయితే కాయిదం రాకముందే కానియ్యి అన్నా. వచ్చిందంటే నేను సూడాల్సొస్తది" అన్నాడు. పురోహితుని దగ్గరికి తానే పోయినాడు. చిలుకమ్మ గారింటివారూ సరేననగా, మూఢాలకు ముందే లగ్గం కుదిరినది.

కావున పై కోరికను ఈ మేరకు సవరించి చదువుకోగలరు: సదరు పుస్తకాలను నాకు తప్పక చూపవలెను, కానీ లగ్గం అయిన తర్వాతనే. ఈలోగా మనసు ఆగక నేనే తమ కార్యాలయం మెట్లెక్కి వచ్చి ఎంత బతిమాలినా, బీరువా తాళంచెవి కనబడుట లేదని చెప్పించి పంపగలరు.