నా చేతి వంట

అక్కా,

లీమాలో నువ్వూ పిల్లలూ కులాసా అనుకుంటాను. మాకు మాత్రం కంటిమీద కునుకు లేదు. మా మారిత్సాకి మళ్ళీ మూర్ఛ వచ్చింది. ఈసారి బడిలో. దాని నోటి నురగ తగిలితే తమకూ అంటుకుంటుందని తోటిపిల్లలు బల్లలెక్కి నిలబడ్డారట. ఒక్కరూ పట్టుకోలేదు. ఇదంతా పక్కింటి యుసేబియా పిన్ని దిష్టేనని మా అత్తయ్య పట్టు. "పిల్ల జడ చూసి ఎంత ఒత్తో అందే, ఆ రోజే అనుకున్నా!" అంటుంది. నేనూ నమ్మాను. పిన్ని పలకరిస్తే తలుపేసుకుంటున్నాను.

మూర్ఛలు లేని వీధి మన ఊళ్ళో లేదని టుంబెస్ పట్నం నుంచి ఆరోగ్యశాఖ వాళ్ళొచ్చారు. పందుల నోళ్ళు తెరిచి నాలుకల మీద గడ్డలు తడిమి చూశారు. మారిత్సా తలకి స్కానింగ్ తీస్తే మెదడులో చిన్నచిన్న తిత్తులు కనబడ్డాయి. "సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ళ పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. వాళ్ళకి తెలియను కూడా తెలియదు. దొడ్డికెళ్ళొచ్చి చేతులు కడుక్కోకపోతే ఆ పురుగు గుడ్లు ఇంకొకళ్ళ నోట్లోకి, అక్కణ్ణించి తలలోకి పోతాయి" అంది నర్సు రోక్సానా.

అంటే ఎవరో ఒకరున్నారు, అక్కా. చుట్టుపక్కల ఇళ్ళలో అందరి మలమూ పరీక్షకి పట్టుకెళ్ళారు. యుసేబియా పిన్ని పంది వేపుడు అమ్ముతుంది. ఆ మనిషి ఆమే అయ్యుండాలని కోరుకుంటున్నాను. పాపమైతే కానీ.

నీ నేలిదా


అక్కా,

ఆమె కాదు. నేను.

రోక్సానా పెరట్లోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మారిత్సా పాలసీసా, దాని తొలి అరటికాయ గుజ్జు, అన్నీ ఈ చేతులతోనే కదా. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా మా ఆయన సెగుందో వంట చేస్తున్నాడు. నేను వంటింటి గడప దాటను. దాని జడ కూడా వెయ్యను. నిన్న అడిగింది: "అమ్మా, నామీద కోపమా?"

దాన్ని నీ దగ్గరికి పంపేస్తాను. నువ్వు పెంచు. నాకు దూరంగా ఉంటేనే అది బతుకుతుంది. వెంటనే వచ్చి తీసుకెళ్ళు.

నేలిదా


అక్కా,

బయల్దేరకు.

మాత్రలు మింగాను, పురుగు పడిపోయింది. మళ్ళీ పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. "ఇప్పుడు పిల్లని పంపేస్తావా? మూర్ఛకి మందు వేళకి ఎవరు వేస్తారు, నువ్వు కాక?" అని రోక్సానా కసిరింది. మూర్ఛలు పూర్తిగా పోతాయో లేదో ఆవిడా చెప్పలేకపోయింది. ఆ భయం ఉంది.

అయినా పొయ్యి ముట్టుకోలేకపోయాను. సెగుందో బతిమాలితే ఈరోజు అన్నమూ చేపల పులుసూ చేశాను. ఎవరికీ పెట్టకుండా గిన్నె వంక చూస్తూ కూచున్నాను. అప్పుడే యుసేబియా పిన్ని పిలవకుండానే లోపలికొచ్చి కూచుంది.

"ఆకలేస్తోందే. వడ్డించు."

"పిన్నీ, నా చేత్తో..."

"కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే."

"అయితే ఇంకేం? నావి దిష్టికళ్ళు, నీవి పురుగుచేతులు. ఇద్దరికీ ఇద్దరం సరిపోయాం. పెట్టు!"

మా అత్తయ్య తల దించుకుంది. పిన్ని ముళ్ళు ఏరుకుంటూ, ఉప్పు తక్కువైందని తిడుతూ, పళ్ళెం ఖాళీ చేసింది. మారిత్సా పిన్ని పక్కకి బల్ల లాక్కుని కూచుని తన పళ్ళెం నా ముందుకి తోసింది.

చేతులు ఇంకోసారి సబ్బుతో కడుక్కొచ్చాను, అక్కా. వడ్డించాను.

నీ చెల్లెలు
నేలిదా