ఎడమ భుజం

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. ఓడలో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. అట్టముక్క ఆనించుకుని నేనే రాస్తున్నాను. వరస మీద వరస ఎక్కితే విడదీసుకుని చదువుకో.

అడిగినవాటికి ముందు జవాబులు. మీ నాన్న ఉప్పు తగ్గించారు. నాకు కనబడదని నమ్మకం కుదిరాక మళ్ళీ పెంచారు. మన టైలరింగు షాపు కాజాల పిన్నికి అప్పగించాను. కాజాలు తప్ప ఇంకేదీ కుట్టనని ఇన్నేళ్ళు మొరాయించిన మనిషి ఇప్పుడు ప్యాంట్లు కూడా కుడుతోంది. నా కళ్ళంటావా, కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. దాని ముందు ఎవరు నిలబడ్డారో తెలియదు.

వేళ్ళతో తడిమి చదివే చుక్కల అక్షరాల క్లాసుకు వెళ్తున్నావా అని అడిగావు. వెళ్ళాను. మాస్టారు మంచివారు. మొదటి అక్షరాలు నా వేళ్ళకు తొందరగానే పట్టుబడ్డాయి. ఆయన సంబరపడి, "కళ్ళ నుంచి కబురు రాకపోతే మెదడులో చూపు చోటు ఊరికే కూర్చోదమ్మా. మెల్లగా వేళ్ళ పని అందుకుంటుంది. మీ వయసులోనూ కొత్త దారులు వేసుకుంటుంది" అన్నారు. కొత్త కణాలు కూడా పుడతాయా అని అడిగితే, పెద్దయ్యాక కూడా కొన్నిచోట్ల పుడతాయని కొందరంటారు, ఆ సంగతి ఇంకా తేలలేదు అన్నారు.

మరి అక్కడ ఇంతకాలం దాచుకున్న సామాను ఏమవుతుందని అడిగాను. హాస్యమనుకుని నవ్వారు. ఆ చోటు వేళ్ళకు ఇచ్చేస్తే నీ ముఖం ఎక్కడుంటుంది? కొత్తగా పుట్టినవాటికి నువ్వెవరో ఎవరు చెబుతారు? ఇంటికొచ్చి నిన్ను తలుచుకుంటే నవ్వూ గడ్డమూ వచ్చాయి. చిన్నప్పుడు కుట్టుమిషను మూల తగిలి చీరుకుపోయిన కనుబొమ్మ కుడిదో ఎడమదో ఎంతకీ తేలలేదు. మీ నాన్నను అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఆయనకూ తెలిసిపోతుంది.

ఇక దాచింది చెబుతాను. క్లాసు మానేశాను. మీ నాన్న గేటు దగ్గర దింపి వెళ్ళగానే, గోడ పట్టుకుని పక్క సందులో మన షాపుకు పోయి కూర్చుంటున్నాను.

చేతులు ఊరుకోక నీకు చొక్కా కుట్టాను. టేపు పట్టలేదు, పట్టినా అంకెలు కనబడవు. చెయ్యి ఎటు పోతే అటు కత్తిరించాను. పిన్ని పట్టుకుని చూసి, "అక్కా, ఎడమ భుజం కాస్త కిందికి పోయిందే" అంది. నీ చొక్కాలన్నీ కుట్టిన దాన్ని, నీ ఎడమ భుజం వాలుగా ఉంటుందో లేదో ఎంత తలుచుకున్నా నాకు కనిపించలేదు. చేతులకు గుర్తుండి అలా వెళ్ళాయో, చూపులేక కత్తెర జారిందో తెలియడం లేదు. సరిచేస్తానంటే పిన్నిని చెయ్యి వేయనివ్వలేదు.

చొక్కా ఈ ఉత్తరంతోనే వస్తుంది. తొడుక్కుని చూడు. జవాబు మాటల్లో రాయకు, చదివి వినిపించేది మీ నాన్న కదా. భుజం సరిగ్గా కూర్చుంటే కాగితం కింది మూలన సూదితో ఒక్క పోటు పొడువు. కూర్చోకపోతే రెండు. ఆ మాత్రం నా వేళ్ళు చదవగలవు. నేను నొచ్చుకుంటానని అబద్ధం పొడవకు.

ఒకటుంటే మర్నాడే క్లాసుకు వెళ్తాను. ఆ చోటు వేళ్ళకే ఇచ్చేస్తాను, నిన్ను అవే దాచుకుంటాయి. రెండుంటే సెలవు పెట్టి రా నాన్నా. నీ ముఖంలో నా దగ్గర మిగిలింది కూడా పోతుందేమోనని చాలా భయంగా ఉంది.

కనుబొమ్మ ఏదో మాత్రం చెప్పకు. ఇంకా వెతుకుతున్నాను.

ఇట్లు,
నీ అమ్మ