పలక మీద నీ పేరు

శీనన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన విద్యార్థి సంఘం వాళ్లు కాలేజీ గేటుకు నీ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలు వద్దని సంఘం చేత తీర్మానం చేయించి, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలు పారేసిన రాతి ముక్కలు ఏరుకొచ్చి, వాటి మీద సుద్దముక్కతో నోటీసులు రాయించిన నీకే ఫ్లెక్సీ!

నాకు ఒళ్లు మండింది. దింపమన్నాను.

"పలక మీద రాస్తే వానకు చెరిగిపోతాదక్కా. అన్న పేరు ఉండాల గదా" అన్నాడు కొత్త సెక్రటరీ. వాడికి నువ్వంటే ప్రాణం. ఏమని తిట్టను?

నువ్వు మాతో నాటించిన వేప మొక్కలు ఎండిపోతున్నాయన్నా. హాస్టల్లో చేతులు కడిగిన నీళ్లు వాటికి పోసేవాళ్లం. ఇప్పుడు హాస్టల్‌కే ట్యాంకర్ రావడం లేదు. నేను తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు ఒక మొక్కకు పోశాను. మిగతావాటికి ఏం పోయాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాను.

సాయంత్రం ఒక పలక ముక్క మీద నీ పేరు రాసి ఆ మొక్క మొదట్లో పెట్టాను. తెల్లారేసరికి అది చెరిగిపోవాలని మొక్కుకుంటున్నానన్నా.